దసరాకు వేసిన ఆకుపచ్చ రంగు

కృష్ణానగర్ ఇన్వర్టర్ మెకానిక్ భిక్షం మీద నేను కోసినన్ని కోతలు ఇంకెవరూ కోయలేదు. అతను తిడితే చచ్చిన బ్యాటరీ లేచి కూర్చుంటుందని, అతన్ని చూస్తే జూబ్లీహిల్స్ బంగళాల కుక్కలే గేటు తీస్తాయని టీ బండి దగ్గర చాటింది నేనే. ఇంటర్ మధ్యలో వదిలేసినవాడి మాట ఎవరు నమ్ముతారంటారా? నమ్మారు. ఇది మాత్రం కోత కాదు.

హైటెక్ సిటీ లేచిన కొత్తలో కంపెనీలన్నీ ఇన్వర్టర్లు పెట్టించుకుంటుంటే భిక్షానికి తీరిక ఉండేది కాదు. అయినా ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌ను వదల్లేదు. అతని భార్య భూలక్ష్మి అక్కడ గుంపు గొంతుల్లో ఒక గొంతు. పదకొండేళ్లు గుంపులో అరిచాక ఒక పనిమనిషి పాత్ర దొరికింది. నాలుగు మాటలు. దసరా మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోతే, మొగుడు పెట్టిన ఇన్వర్టర్ మీదే ఆ నాలుగూ చెప్పేసి వచ్చింది. వారం తిరక్కుండా గొంతులో గడ్డకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు.

సినిమా మిక్సింగ్‌కు కూర్చున్న సౌండ్ ఇంజనీరు సాయిశ్రీనివాస్ భిక్షాన్ని పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను.

"ఆవిడ మాట వెనకాల కందిరీగ తిరుగుతోందయ్యా. హెడ్‌ఫోన్లో తెలీలేదు, పెద్ద స్పీకర్ల మీద తేలింది. నీ ఇన్వర్టర్‌దే."

"రెండేండ్ల సంది గీడనే ఉన్నది సార్. ఎన్నడన్న లొల్లి చేసిందా?"

"ఇప్పుడు చేసింది. ఎక్కడిదో పట్టుకో, తీసే దారుందేమో చూస్తా. శుక్రవారం దాకా ఆగుతా. తర్వాత ఇంకో అమ్మాయి చేత చెప్పించాలి."

ఇన్వర్టర్ లోపల కరెంటు సెకనుకు వేలసార్లు తెగి అతుక్కుంటుంది. ఆ రభస మైకు వైర్లకు ఎక్కకుండా ఇనప డబ్బాలో మూసి, డబ్బాకు ఎర్త్ వైరు బిగిస్తారు. భిక్షం మెయిన్ ఆపించి, ఇన్వర్టర్ నడుస్తుండగా చిన్న రేడియో ముల్లును స్టేషన్ లేని చోట పెట్టి, దాన్ని పట్టుకుని గోడల వెంట నడిచాడు. మైకు వైరు దగ్గర చిటపట. మెట్ల కింద డబ్బా దగ్గరికి వచ్చేసరికి గోల ఎత్తుకుంది.

"రేడియోకు దయ్యం పట్టిందే అన్నా" అన్నాను. భిక్షం నవ్వలేదు.

ఎర్త్ వైరు బోల్టు విప్పాడు. దాని కింద ఆకుపచ్చ రంగు, దళసరిగా, నిగనిగలాడుతూ.

"రంగు మస్తుగున్నది. ఎవలేసిండ్రే అన్నా?" అని అడిగాను.

"నేనే."

ఆయుధపూజకు డబ్బా కడిగి, రంగు పూసి, బొట్టు పెట్టి, ఆ రంగు మీదే వైరు బిగించాడు. వైరు ఇనుముకు తగల్లేదు. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా తేలేదాకా రుద్ది మళ్లీ బిగించాడు. రేడియో నోరు మూసుకుంది.

శుక్రవారం సాయిశ్రీనివాస్ టేపు వినిపించాడు. కందిరీగను తీస్తే భూలక్ష్మి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది. ఉంచితే కందిరీగ.

"నా చేతిలో లేదండీ" అన్నాడు. అతను భిక్షాన్ని అండీ అనడం అదే మొదలు.

హిమజ అనే అమ్మాయి వచ్చి మైకు ముందు నిలబడగానే కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది. నాలుగు మాటలూ చెప్పేసింది.

"ఎలా ఉంది భిక్షం?"

"సాఫుగున్నది సార్."

ఇంటికెళ్తే భూలక్ష్మి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది.

"డబ్బా మంచిగైంది" అన్నాడు.

ఆమె ఇద్దరికీ కంచాలు పెట్టింది. తిన్నాం.