లేడీస్ సీటు వదిలేసిన రోజు

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే మా మరిది చెప్పిందే నిజమైపోతుంది. నేను లేచిపోయానని కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా బస్తీ అంతా చెప్పి వచ్చాడు. లేచిపోయిన మనిషి సాయంత్రం ఐదింటికి, ఇంకా వెలుగుండగా, తన స్టాపులోనే బస్సు దిగుతుందా? నేను దిగాను. ఎక్కడ ఎక్కానో, ఎవరితో దిగానో నేనే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మావాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే.

నా బడి చదువు నాలుగో తరగతి, అదీ హిందీలో. నాన్నకు శ్రీకాకుళం నుంచి వచ్చే కార్డులు కూడబలుక్కుంటూ తెలుగు నేర్చుకున్నాను. మిగతాదంతా మా తెలుగు సంఘం లైబ్రరీ చలవ. రెండు బీరువాలు, ఒక బల్ల, ఆగి ఆగి తిరిగే ఫ్యాను. అక్కడి పుస్తకాలన్నీ అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని బెంగాలీ కూడా చదవడం నేర్చుకున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. మా ఆయన పోయి ఏడేళ్లయింది. కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చే ఆయన ఉద్యోగం నాకిచ్చారు. మరిది మాతోనే ఉండేవాడు, ఆ తర్వాత కూడా ఉండిపోయాడు.

ఆ లైబ్రరీ బల్ల దగ్గరే ఇంకొకాయన పరిచయమయ్యాడు. సంత్రాగాఛి రైల్వే యార్డులో పట్టాలు చూసే ట్రాక్‌మన్. భార్య పోయిన మనిషి. రెండేళ్లపాటు ఎదురెదురుగా కూర్చుని చదువుకున్నాం. బెంగాలీవాళ్లలాగే ఆయన నన్ను దీదీ అనేవాడు, నేను దాదా అనేదాన్ని. ఒకరోజు పుస్తకం మూసి, తల ఎత్తకుండానే, "నన్ను పెళ్లాడతావా?" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. నేను చెప్పేలోపే సంగతి మరిది చెవిన పడింది.

"ఆడితో కనపడ్డావంటే ఈ గుమ్మం తొక్కకు," అన్నాడు.

తర్వాతి వారం ఇద్దరికీ సెలవు కలిసింది. "పొద్దున్నే రా. ఎక్కడికని అడగకు," అన్నాడు ఆయన. అయితే ఖిదిర్‌పూర్ స్టాపులో కాదట, దాని అవతలి స్టాపులో ఎక్కమన్నాడు. బస్సులో నేను లేడీస్ సీటులో కూర్చుంటే ఆయన వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. కలకత్తా బస్సుల్లో ఒక వరస ఆడవాళ్లది కాబట్టి నేనేమీ అనుకోలేదు. ఎస్ప్లనేడ్‌కు ముందు స్టాపులోనే దింపేశాడు. అప్పుడూ ఏమీ అనుకోలేదు.

ఎస్ప్లనేడ్ దాకా నడిచి, మెట్రో ఎక్కి గంగానది కిందినుంచి హౌరా వెళ్లాం. అక్కడ మాత్రం పక్కపక్కనే కూర్చున్నాం. ఆ సొరంగం ఎలా తవ్వారో నేను చదివినదంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని చక్రాల చప్పుడు వింటూ, "ఇప్పుడు వంపొస్తాది," అన్నాడు. వచ్చింది. పుస్తకంలో లేనిది ఆయన చెవిలో ఉంది. హౌరాలో లాంచీ ఎక్కి, కిందినుంచి దాటిన నది మీదనే బాగ్‌బజార్ దాకా వెళ్లాం. గాలికి నా కొంగు ఆయన మొహం మీద పడితే తీయలేదు. ఆయనా తీయలేదు.

ఘాట్ మెట్లెక్కుతుంటే పైనుంచి అరుపు వినపడింది.

"ఓలమ్మ, ఒదినా! ఏటి ఇలగొచ్చేవు?"

మా పక్క సందులో ఉండే పిల్ల. చేతిలో చీపురు.

"నువ్వేటే ఇక్కడ? నీ డ్యూటీ ఇక్కడ కాదుగా?"

"బదులు డ్యూటీ. ఇక్కడామెకి జొరం. ఒక్కద్దానివే వచ్చేవేటి?"

వెనక్కి తిరిగి చూశాను. ఆయన స్తంభం పక్కన నిలబడి, ఎవరో వదిలేసిన బెంగాలీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయనకు బెంగాలీ చదవడం రాదు.

"లేదే. ఆ పేపరెనకాల ఉన్నాయనతో వచ్చేను," అన్నాను.

అది చీపురు కింద పడేసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయన్ను పక్కకు తీసుకెళ్లి నిలదీస్తే జేబులోంచి కాగితం తీశాడు. కార్పొరేషన్‌లో హాజరు రాసే తన మేనల్లుణ్ణి అడిగి, ఆరోజు మన తెలుగువాళ్లు ఎవరు ఏ మలుపులో ఊడుస్తారో రాయించుకున్నాడు. ఆ చోట్లన్నీ తప్పించి మా దారి వేశాడు. బదులు డ్యూటీలు ఆ కాగితంలో ఉండవుగా!

"నీ పరువు కోసవే," అన్నాడు.

"నానేటి దొంగసరుకా, సందులంట తిప్పడానికి? ఈ ఊళ్లో మనోళ్లు ఊడవని రోడ్డేది? మనోళ్లు లేని సోటే కావాలంటే గంగలో దూకాల!"

"మీ మరిది ఇంట్లోకి రానివ్వనన్నాడు గదా."

"అది నాను సూసుకుంటాను. ఆ కాగితం ఇలాగియ్యి."

ఇచ్చాడు. ఆ కాగితం ప్రకారమే మధ్యాహ్నమంతా తిరిగాం, తప్పించుకోవడానికి కాదు, కనిపించడానికి. శ్యామ్‌బజార్ మలుపులో పనిచేసే పెద్దాయన్ను పిలిచి ముగ్గురం కచోరీ తిన్నాం. అక్కడినుంచి ట్రామెక్కి, దారిలో రెండు చోట్ల దిగి పలకరించాం. ఒకామె మొహం తిప్పుకుంది. ఇంకొకామె చేతులు కడుక్కుని వచ్చి, ఏడేళ్ల తర్వాత ఆ పొద్దున నేను జడలో పెట్టుకున్న పూలు సర్దింది. ఆయన ప్రతిచోటా ముందు కంగారు పడేవాడు, తర్వాత చేతులు జోడించేవాడు. మూడోచోటికి వచ్చేసరికి చేతులే ముందొచ్చాయి.

ఎస్ప్లనేడ్‌లో ఖిదిర్‌పూర్ బస్సెక్కగానే కండక్టర్ కేకేశాడు: "దీదీ, లేడీస్ సీట్ ఖాలీ!"

"నాకొద్దు, దాదా," అని బెంగాలీలో చెప్పాను. వెనక తలుపు దగ్గరికెళ్లి ఆయన పక్కనే నిలబడ్డాను. రెండు స్టాపుల తర్వాత మగవాళ్ల వరసలో రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. నేను కిటికీ పక్కన కూర్చుని గట్టిగా పిలిచాను.

"రా, కూకో. లైబ్రరీలో అడిగేవు గదా. సరే. గానీ ఇలగయితేనే."

ఆయన కూర్చున్నాడు. మా స్టాపు కనిపించగానే తనే ముందు లేచి నిలబడ్డాడు.

మరిది గుమ్మంలోనే ఉన్నాడు. "ఈ గుమ్మం తొక్కొద్దన్నాను."

"ఈ క్వార్టర్ నా ఉద్యోగానికిచ్చింది. కాగితం మీద పేరు నాది. బెంగాలీలో ఉంది, సదివి సెప్పమంటావా?"

అది ఊరికే అన్న మాట కాదు. నిఘంటువు పెట్టుకుని నేను మొదటినుంచి చివరిదాకా చదివిన మొదటి బెంగాలీ కాగితం అదే. మరిది అదెప్పుడూ విప్పి చూడలేదు. అన్నయ్య క్వార్టరు కాబట్టి తనదే అనుకున్నాడు. చెప్పులేసుకుని టీ కొట్టుకు పోయాడు. లేచిపోయానన్న మాట అక్కడే మొదలైంది. ఆ సమయానికి మేమిద్దరం మా వంటింట్లో టీ తాగుతున్నాం, తలుపు తీసే ఉంది.

సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకోవాలి. పేర్లు రాయనన్నాను కాబట్టి పనినిబట్టి రాస్తాను. జ్వరంతో సెలవు పెట్టిన బాగ్‌బజార్ చెల్లికి, ఆమె బదులు వచ్చి నవ్విన పిల్లకి, కచోరీ తింటూ ఒక్క ప్రశ్నా అడగని పెద్దాయనకి, నా పూలు సర్దిన అక్కకి, ఇంటికి తీసుకెళ్లకూడని నిఘంటువును నెలలపాటు తీసుకెళ్లనిచ్చిన లైబ్రరీ మాస్టారికి, లేడీస్ సీటు ఖాళీగానే తిప్పిన కండక్టర్ దాదాకి నమస్కారాలు. మేనల్లుడి కాగితం ఆ నిఘంటువులోనే దాచాను.