నాయన ఆఖరి వాదన

మా నాయన చిత్తూరు కోర్టులో లాయరు. మధ్యలో ఒక్క దఫా ఎమ్మెల్యేగా గెలిచారు. రెండోసారి ఓడిపోయిన రోజు ఇంటికొచ్చి అన్నం తిని, బీరువాలోంచి నల్లకోటు తీసి ఎండలో వేశారు. "దీనికి ఓట్లతో పనిలేదులే" అన్నారు అమ్మతో. నేను లా చదివి ఆయన దగ్గరే జూనియర్‌గా చేరాను.

పోయిన మామిడికాయల కాలంలో బంగారుపాళ్యం రైతు దావా ఒకటి వాదనకు వచ్చింది. అతని తోటకు పోయే బాటను పక్క రైతు కంచె వేసి మూసేశాడు. నాయన లేచి చక్కగానే మొదలుపెట్టారు. కాసేపటికి జడ్జిగారి వైపు చెయ్యి చాపి, "అధ్యక్షా, మా నియోజకవర్గంలో..." అన్నారు.

అందరూ నవ్వారు. జడ్జిగారూ నవ్వారు. నాయన మాత్రం ఎండిపోయిన బోర్ల గురించి, రాని నీళ్ల ట్యాంకర్ల గురించి ఆవేశంగా మాట్లాడుతూనే ఉన్నారు. నవ్వులు ఆగిపోయాయి. అవతలి లాయరూ, మిగతావాళ్లూ తల దించుకున్నారు.

"ఏందమ్మా, సారు ఇట్ల మాట్లాడతా ఉండాడు?" అన్నాడు రైతు భయంగా.

నేను నాయన చెయ్యి పట్టుకుని, "కూర్చో నాయనా" అన్నాను.

"గౌరవ సభ్యులు అడ్డు తగలొద్దు" అన్నారు నాయన నాతో.

జడ్జిగారు కేసు వాయిదా వేసి, "పెద్దాయన్ని ఇంటికి తీసుకెళ్లమ్మా" అన్నారు మెల్లగా.

తిరుపతిలో డాక్టరుకు చూపించాం. మతిమరుపు జబ్బు, పెరగడమే గానీ తగ్గదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో నాయన అడిగారు.

"నేను బాగా వాదించినానా?"

"బాగా వాదించినావు నాయనా."

"అట్లయితే వాళ్లంతా ఎందుకు తల దించుకున్యారు?"

నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ కేసు నేనే వాదించాను. గెలిచాం. కంచె తీసేసరికి కాయల కాలం అయిపోవచ్చింది. చివరగా దిగిన నీలం మామిడిపండ్లు బుట్టలో పెట్టుకుని రైతు మా ఇంటికి వచ్చాడు. నాయన అతన్ని గుర్తుపట్టలేదు. లేచి రెండు చేతులూ జోడించారు.

"సెప్పప్పా, నీకేం కష్టం వచ్చింది?"

రైతు నా వైపు చూశాడు. కండువాతో కళ్లు ఒత్తుకుని నాయన ఎదురుగా కూర్చున్నాడు. తన బాట ఎట్లా మూసేశారో, కాయలు చెట్ల కిందే ఎట్లా రాలిపోయాయో మొదటినుంచీ చెప్పసాగాడు. నాయన మధ్యలో ఒక్క మాటకూ అడ్డం రాకుండా విన్నారు.