బేరానికి రాని రాళ్ళు

నా చిన్నప్పుడు మేం మ్యూనిక్‌లో ఉండేవాళ్ళం. కింద మా నాన్న కిరాణా కొట్టు, పైన మా ఇల్లు. పప్పుల బస్తాల మధ్య పెరిగిన పిల్లని కాబట్టి, నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని ఇంట్లో వేళాకోళం చేసేవారు. బడిలో రబ్బరు ఇచ్చి పెన్సిలు, పెన్సిలు ఇచ్చి చాక్లెట్టు సంపాదించి, చివరికి ఆ రబ్బరు కోసమే ఏడ్చిన వ్యాపారిని నేను.

నా మనవలకి కరోనా అంటే పాఠ్యపుస్తకంలో ఒక మాట. నాకు మాత్రం అది మా అమ్మ దగ్గు. ఒకరోజు ఆవిడకి ఊపిరాడక అంబులెన్సులో తీసుకెళ్ళారు. చూడ్డానికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఆస్పత్రి నుంచి ఫోను వస్తే నాన్న వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. బయటికొచ్చి "బానే ఉందంటమ్మా" అనేవాడు, నా మొహం చూడకుండా. సరుకు పాతదైనప్పుడు అమ్మేవాళ్ళు ఎటు చూస్తూ మాట్లాడతారో నాకు తెలుసు.

అందుకని నాకొచ్చిన పనే నేనూ చేశాను. దేవుడి పటం ముందు కూర్చుని, అమ్మ ఇంటికొస్తే కొబ్బరికాయ కొడతానన్నాను. మర్నాడు బుట్టెడు కొడతానన్నాను. ఆ తర్వాత జడ కూడా ఇచ్చేస్తానన్నాను. అవతలివాడు నోరు విప్పకపోతే ధర పెంచడం తప్ప దారేముంది?

నాన్న కొట్లో ఉన్నంతసేపూ నన్ను పై అంతస్తులోని పెరూ ఓమా చూసుకునేది. ఓమా అంటే జర్మన్‌లో అమ్మమ్మ; ఆవిడది పెరూ దేశం. నాకు టెస్టులో ఏమీ లేదని వచ్చినా, జాగ్రత్త కోసం మాస్కులతో బాల్కనీలో చెరో చివర కూర్చునేవాళ్ళం. ఆవిడ దగ్గర రంగుల నేతగుడ్డలో కట్టిన ఒక మూట ఉండేది. విప్పి పరిస్తే అదే ఆవిడ పూజామందిరం. లోపల అన్నీ రాళ్ళే. ఆండీస్ కొండల్లో వాళ్ళవాళ్ళు ఎక్కడికెళ్ళినా అలా దేవుళ్ళని మూటకట్టి వెంట తీసుకెళ్తారట. ఒక్కో రాయిలో ఒక్కో కొండ ప్రాణం ఉంటుందట.

జబ్బు తగ్గించేది ఏదని అడిగాను. ఒక నల్లరాయిని చూపించి, తన గురువు ఇచ్చాడని చెప్పింది.

"నాకిచ్చెయ్ ఓమా. బాస్మతి బస్తా ఇస్తా."

"మీ నాన్నకి తెలుసా ఈ బేరం?"

"మామిడిపళ్ళ పెట్టె కూడా ఇస్తా!"

"ఇవి కొంటే వచ్చేవి కావు పిల్లా. ఎవరైనా ప్రేమతో ఇవ్వాలి, లేకపోతే కొండే ఇవ్వాలి."

నాకు దుఃఖం ఆగలేదు. "మా అమ్మ చచ్చిపోతుందా?" అనేశాను. ఆ మాట అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.  ఓమా నన్ను కొట్లోంచి చిరగని, మచ్చలేని బిర్యానీ ఆకులు మూడు ఏరుకు రమ్మంది. వాళ్ళ ఊళ్ళో అయితే కొండలకి కోకా ఆకులు పెడతారట, ఇక్కడవి దొరకవు. తెచ్చాక, వాటిని విసనకర్రలా పట్టుకుని, మాస్కు తీసి, అమ్మని తలుచుకుంటూ వాటిమీద ఊదమంది. పక్కవాడి ఊపిరి తగిలితేనే లోకమంతా హడలిపోతున్న రోజులవి. నేను ఊదబోయి ఆగాను.

"ఇది ఇస్తే అమ్మ వస్తుందా?"

"నాకేం తెలుసు?"

"మరి ఎందుకివ్వడం?"

"ముందు పెట్టాలి. అడిగేది తర్వాత. కొండల దగ్గర అదే మర్యాద."

ఊదాను. అవతలివాళ్ళు ఏమిస్తారో తెలియకుండా నేనేదైనా ఇవ్వడం అదే మొదలు. ఆకుల్ని పెరటి చెట్టు మొదట్లో మట్టి కప్పి కొట్లోకి వచ్చాను. భయం రవ్వంత కూడా తగ్గలేదు. కానీ నాన్న పొద్దుటినుంచీ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు నా కంటబడింది. పెరుగన్నం కలిపి చేతిలో పెట్టాను. ఆయన మొదటిసారి నా మొహంలోకి చూసి, "నాకూ భయంగానే ఉందే తల్లీ" అన్నాడు. ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం.

అమ్మ చాలా రోజులకి ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా మెట్లెక్కేటప్పుడు మధ్యమధ్యలో ఆగి ఆయాసం తీర్చుకునేది. ఏది ఆవిణ్ణి వెనక్కి పంపిందో నేను లెక్క తేల్చలేదు. ఇప్పటికీ కూరలవాడితో గీచిగీచి బేరమాడతాను, ఆ బుద్ధి పోలేదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే మాత్రం దేవుడితో ధర మాట్లాడను. క్యారియర్ సర్దుకుని వాళ్ళింటి తలుపు కొడతాను. లోపలినుంచి ఏం వినాల్సి వస్తుందోనని అప్పుడు కూడా నాకు భయంగానే ఉంటుంది.