డిక్కీలో శాలువా

మా తెలుగు సంఘం సెక్రటరీగారి కారు డిక్కీలో స్టెప్నీ ఉండేదో లేదో కానీ, శాలువా మాత్రం ఎప్పుడూ ఉండేది. కొత్తవాళ్ళెవరు తగిలినా కప్పేసి, "యల్లా, రండి రండి, ఒక్క ఫొటో!" అనేవారు. ఇక్కడ గల్ఫులో, అల్ నహ్దాలోని మా బిల్డింగు లిఫ్టు బాగుచేయడానికొచ్చిన మెకానిక్కు కూడా తప్పించుకోలేకపోయాడు.

ఒక శుక్రవారం నన్ను అబుదాబిలో ఒక మ్యూజియానికి లాక్కెళ్ళారు. నల్లజాతి అమెరికన్ ఆర్టిస్టు ఒకరు ఇక్కడ కొన్నాళ్ళుండి, చేపల పడవల్నీ, ఖర్జూర తోటల్నీ, మధ్యాహ్నపుటెండకి వంతెన కింద నడుం వాల్చిన కూలీల్నీ చూసి వేసిన బొమ్మలు పెట్టారక్కడ. నేను కూలీల బొమ్మ దగ్గరే ఆగిపోయాను. సెక్రటరీగారు బొమ్మలకేసి చూడనేలేదు. శాలువా చంకన పెట్టుకుని ఆర్టిస్టు కోసం వెతుకుతున్నారు.

గోడ పక్కన సూటులో ఒక నల్లజాతి మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా శాలువా అతని భుజాల మీద పడింది. సెల్ఫీ మా గ్రూపులోకి వెళ్ళిపోయింది: "అమెరికన్ చిత్రకారుడికి తెలుగువారి సత్కారం!"

"థాంక్యూ సార్. కానీ నేను సెక్యూరిటీని, మాది ఉగాండా," అన్నాడతను బిత్తరపోయి. "ఆర్టిస్టు అదిగో, ఆ మేడమ్."

"పోనీ, ఇప్పుడు ఆవిడకి కప్పండి," అన్నాను.

"భలేవారే! ఆవిడకి కప్పితే మొదటి ఫొటో అబద్ధమైపోదూ?" అంటూ గార్డు భుజాల మీంచి శాలువా తీసుకుని, నీటుగా మడతపెట్టి, కారు వైపు నడిచారు.