మైకు దగ్గర మౌనం

నేను టీవీలో కబడ్డీ కామెంటరీ చెప్పే మనిషిని. హైదరాబాదులో స్టూడియో, ముఖానికి రంగు, చెవిలో ప్రొడ్యూసర్ గొంతు. మైకు పట్టుకోవడం మాత్రం టెక్కలి దగ్గర మా ఊరి బాప్టిస్టు చర్చిలో నేర్చుకున్నాను. గొంతు గట్టిదని, తడబడకుండా చదువుతానని, ఆదివారం ఆరాధనలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు చెప్పే పని పాస్టరుగారు నాకు అప్పగించారు. పేర్లు చెప్పి, ‘వీరిని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం’ అని ఊరుకోవాలి. చర్చి అంతా మౌనంగా ప్రార్థిస్తుంది. పాస్టరుగారు ఆమేన్ అనేదాకా నేను నోరు విప్పకూడదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే కదా, ఏ ఆదివారమూ ఆ పేర్లు ఒక పట్టాన తెమిలేవి కావు.

టీవీలో అంతా దీనికి తలకిందులు. ఇక్కడ ఊరుకుంటే ఉద్యోగం ఊడుతుంది. ఆటగాడు మంచినీళ్లు తాగుతున్నా మనం ఏదో ఒకటి వాగుతూనే ఉండాలి. నేను బాగానే వాగుతాను. లేకపోతే ఒక ఆడదాన్ని ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చోనిచ్చేవారా? కబడ్డీ నీకేం తెలుసమ్మా అని మొదట్లో నవ్విన పెద్దమనుషులే ఇప్పుడు నా పక్కన కూర్చుని నా మాట కోసం చూస్తారు.

మా అన్న కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కిడ్నీలు పాడయ్యాక పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆ వార్డు గోడకి టీవీ ఉంది. నా మ్యాచ్ ఉన్న రోజున నర్సమ్మని బతిమాలి మా ఛానల్ పెట్టించుకుంటాడు. మా చెల్లే అని పక్క మంచాలవాళ్లందరికీ చెప్పుకుంటాడు. వాడి మందులకీ, వాడి పిల్లల చదువులకీ నా జీతమే ఆధారం.

ఈ ఏడాది ఒక మ్యాచ్‌లో కూతకెళ్లిన రైడర్ కుర్రాడొకడు మెడ మీద పడి కదలకుండా ఉండిపోయాడు. స్ట్రెచర్ వచ్చింది. చెవిలో ప్రొడ్యూసర్ మాట్లాడు, మాట్లాడు అంటున్నాడు. డయాలసిస్ మధ్యలో అన్నకి బీపీ పడిపోయిందని ఆ పొద్దున్నే ఫోనొచ్చింది. నా మనసు మనసులో లేదు. ‘పడిపోయిన ఈ తమ్ముణ్ణి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం’ అనేశాను. అని, ఊరుకున్నాను. ఎవరో ఆమేన్ అంటారని చూస్తున్నానో ఏమో, చెవిలో అరుపులు వినిపిస్తున్నా నోరు పెగల్లేదు.

కుర్రాడు క్షేమంగానే బయటపడ్డాడు. ఇరుక్కున్నది నేను. తెల్లారేసరికి ఆ వీడియో ముక్క అందరి ఫోన్లలోనూ ఉంది. మతప్రచారం అని కొందరు, లేడీ పాస్టర్ అని కొందరు. ఒక మనిషి బాగుండాలని కోరుకోవడంలో అంత తప్పేముందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. ఛానల్ పెద్దాయన పిలిచి, రేపు మ్యాచ్‌కి ముందు ‘నోరు జారింది, క్షమించండి’ అని చెప్పమన్నాడు. అదీ నవ్వుతూ చెప్పాలట. కాదంటే ఇంకొకరిని చూసుకుంటామన్నాడు. ఒళ్లు మండిపోయింది. చచ్చినా చెప్పనని అనడానికే అన్నకి ఫోన్ చేశాను.

వాడు ముందు వార్డు సంగతి చెప్పాడు. మ్యాచ్ రోజు పొద్దున బీపీ పడిపోతే డయాలసిస్ మధ్యలో ఆపేసి, సాయంత్రం మళ్లీ మిషను ఎక్కించారట. అందుకని మ్యాచ్ వేళకి వార్డులోనే ఉన్నాడు.

“నువ్వు ఊరుకున్నావు సూడు, ఇక్కడ అందరం ఊరుకున్నాం. దండం పెట్టినోలు పెట్టినారు, కళ్లు మూసుకున్నోలు మూసుకున్నారు. మిషన్ల సప్పుడు తప్ప ఇంకేటీ నేదు.”

నాకు ఏడుపు ఆగలేదు. వాడు గొంతు తగ్గించాడు.

“సారీ సెప్పీ సెల్లీ. నువ్వింటికొచ్చీత్తే మా బతుకేటి?”

మ్యాచ్‌కి ముందు కెమెరా ఎదుట కూర్చుని చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. పెద్దాయన స్టూడియో అద్దం వెనకనుంచి బొటనవేలు చూపించాడు. ఆ వేలు విరిచెయ్యాలనిపించింది.

మర్నాడు ఫోన్ చేసి చూశావా అని అడిగితే, వార్డంతా చూశాం అన్నాడు అన్న. ఆ తర్వాత నసిగాడు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. కవిటి నుంచి వచ్చే కొబ్బరి రైతు ఒకాయన ఏళ్లుగా డయాలసిస్ మీదే బతుకుతున్నాడు. సూదులున్న చెయ్యి కదపకుండా, తల మాత్రం ఇటు తిప్పి అడిగాడట, ఆ రోజు మీ చెల్లి మనకోసం కూడా చెప్పిందనుకున్నాం బాబూ, ఉత్తినే నోరు జారిందా అని.

నువ్వేమన్నావు అని అడిగాను.

“ఏటంతాను? అవును, ఉత్తినే నోరు జారిందన్నాను.”