గీత ముందు ఆగిన ఆంటీ

ఆంటీ పోయారని మంగళవారం పొద్దున్న ఆమె కూతురు ఫోన్ చేసింది. అప్పుడు నేను కేర్ హోమ్‌లో పెద్దవాళ్లకు టీలు ఇస్తున్నాను. క్యాన్సర్ ముదిరిందని ముందే తెలిసినా, ఆ మాట వినగానే ట్రాలీ వదిలేసి కుర్చీలో కూలబడ్డాను.

న్యూకాసిల్‌లో నాకు పని నేర్పిందీ, పరుగు నేర్పిందీ ఆవిడే. మారేడుమిల్లి దగ్గర కొండరెడ్ల ఆడపడుచు. ఆ కొండల నుంచి దూరపు పరుగు పందేలకు వెళ్లిన మొదటి ఆడపిల్లల్లో ఒకరు. తర్వాత నర్సింగ్ చదివి ఇటు ఇంగ్లండ్ వచ్చారు. డ్యూటీ రోటాలో ఇద్దరికీ ఒకేసారి సెలవు పడితే చాలు, నన్ను టౌన్ మూర్ చుట్టూ పరిగెత్తించేవారు. నేనేమో వాగుడుకాయని. "ముందు ఊపిరి తియ్యవే తల్లీ, కబుర్లెక్కడికీ పోవు" అనేవారు. ఇప్పుడా మైదానం వైపు వెళ్లాలంటేనే ఏడుపొస్తోంది.

ఆశ్రమ పాఠశాల రోజుల్లో, రాష్ట్ర జట్టు ఎంపిక పందెంలో అందరికంటే ముందొచ్చి, ముగింపు గీత ముందు ఆగిపోయారట. వెనకాల వాళ్ల స్కూలు పిల్ల రొప్పుతూ వస్తోందని! ఈలోగా ఇంకెవరో దాటేశారు. డ్రిల్లు మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు.

"అడివికి కలిసెల్లినోళ్లం ఊరి మొగదల ఆగి, అందరూ వచ్చాకే లోపలికెల్తాం. పందేనికి వేరే పద్దతని నాకేం తెల్సు?" అని ఆంటీ నవ్వేవారు.

ఇక్కడే పుట్టిన కూతురికి మాత్రం ఒళ్లు మండేది. "యూ షుడ్ హావ్ జస్ట్ క్రాస్డ్ ఇట్, మమ్!" అనేది. పరుగు ఊసెత్తితే లేచి వెళ్లిపోయేది. కూతురితో కలిసి ఒక్కసారి పరిగెత్తాలని ఆంటీకి ఎంత ఆశో. నా దగ్గర ఎన్నిసార్లు అన్నారో.

పోయిన వేసవిలో ఆవిడ కాస్త తేరుకున్నప్పుడు, మా తెలుగు చర్చివాళ్లు పెట్టిన పందేనికి కూతురే తనంతట తాను తన పేరూ, అమ్మ పేరూ ఇచ్చింది. ఆంటీ నడవడమే కష్టం. నేను చేయి పట్టుకుని పక్కన ఉన్నాను. చివరి మలుపు తిరిగేసరికి, ఎప్పుడో ముందెళ్లిన కూతురు గీత దగ్గర నిలబడి ఉంది, దాటకుండా. పక్కనుంచి అందరూ వెళ్లిపోతున్నారు.

ఆంటీ నా చేయి విడిపించుకున్నారు. ఆ ఒంట్లో అంత ఓపిక ఎక్కడిదో, పరిగెత్తారు.

"నాకోసం ఆగుతావేటే పిచ్చిమొకమా! నువ్వెల్లు!" అంటూ కూతురి వీపు మీద చేయి వేసి ఒక్క తోపు తోశారు. పిల్ల తూలుతూ గీత దాటింది. ఆంటీ ఇవతలే, మోకాళ్ల మీద చేతులు ఆన్చి, రొప్పుతూ నవ్వుతున్నారు. అవతల ఆ పిల్ల ఏడుస్తూ చేయి చాపి నిలబడింది.