బల్ల మీద కప్పిన దుప్పటి

నిన్నటి నా డైరీ పేజీ ఇది.

"సోమవారం. పొద్దుటి నుంచి ముసురు. అద్దకం చెక్క అచ్చులు కడిగి నీడన ఆరబెట్టాను. మధ్యాహ్నం, తడిపిన గుడ్డలు"

అక్కడ ఫోన్ మోగింది.

సత్యం మావయ్య పోయారట. మొవ్వలో, ఇంట్లోనే. హార్ట్ ఎటాక్.

ముందురోజే నాతో ఫోన్లో నవ్విన మనిషి. నమ్మలేక మళ్ళీ చెప్పమన్నాను.

మాకు చుట్టరికం లేదు. పెడనలో మా కలంకారీ యూనిట్‌కి ఆయన మేస్త్రిగా ఉండేవారు. బడి మానేసి వచ్చిన నాకు అచ్చు పట్టుకోవడం చూపించింది ఆయనే. మిగతాది చూసి నేర్చుకున్నాను.

నన్ను సూపర్‌వైజర్‌ని చేసినప్పుడు ఒక తప్పు చేశాను.

మా దగ్గర ఎవరి అద్దకం బల్ల వారిదే. దాని మీద పరిచిన గుడ్డల మెత్త ఆ చేతి బరువుకే అలవాటు పడుతుంది. ప్రమోషన్ కుదరకపోతే తిరిగి వచ్చేద్దామని, నా బల్ల ఎవరికీ ఇవ్వకుండా దుప్పటి కప్పి ఉంచాను. నెలలు గడిచాయి.

ఒకరోజు మావయ్య అందరి ముందూ అడిగారు.

"ఏం నాగేశ్వర్రావ్, బల్లకి జ్వరమొచ్చిందా? దుప్పటి కప్పావు!"

హాలంతా నవ్వులు. ఆయనే దుప్పటి లాగేసి, కొత్తగా చేరిన లక్ష్మిని అక్కడ నిలబెట్టారు.

నేను నిజంగా సూపర్‌వైజర్‌నైంది ఆ రోజే.

ఇప్పుడు ఓనర్ గారు గుడివాడ షోరూమ్‌కి మేనేజర్‌గా వెళ్ళమంటున్నారు. లేదంటే పెడనలోనే ఉండి, మావయ్య రిటైరైనప్పటి నుంచి ఖాళీగా ఉన్న కొత్తవాళ్ళ ట్రైనింగ్ బాధ్యత తీసుకోమన్నారు. బుధవారంలోగా చెప్పాలి.

మేనేజర్ అంటే పెద్ద పేరు. ఆదివారం మావయ్యనే అడిగాను.

"పేరు సంగతి వదిలెయ్యవయ్యా. ఆ కుర్చీలో మామూలు రోజున, మధ్యాహ్నం మూడింటికి ఏం చేస్తుంటావో రాసుకురా. చూసి చెప్తా."

రాశాను. మంగళవారం మాకు సెలవు. ఇవాళే వెళ్ళి చూపించాల్సింది.

ఆఖరి చూపుకి మొవ్వ వెళ్ళాను. కాగితం జేబులోనే ఉంది.

అంత్యక్రియలన్నీ అయిపోయాక అత్తయ్య గారే అడిగారు.

"ఏదో రాసుకొస్తావని చెప్పారు. రాశావా నాయనా?"

చదివాను.

"కస్టమర్లకి చీరలు చూపిస్తాను. స్టాక్ సరిచూస్తాను. వీలు చూసుకుని పెడన బస్సెక్కి వచ్చి, కొత్తవాళ్ళు అద్దే అంచు వంకర పోకుండా పక్కన నిలబడతాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు.

"మళ్ళీ దుప్పటి కప్పుతున్నావా?"

ఆ సంగతి మావయ్య ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో.

నిజమే. గుడివాడ కుర్చీ ఎక్కుతూనే పెడనలో నా చోటు అట్టేపెట్టుకుంటున్నాను. రాసినదాంట్లో నేను ఇష్టంగా రాసింది ఆ చివరి వాక్యం ఒక్కటే.

రేపు పొద్దున్నే ఓనర్ గారికి చెప్తాను. గుడివాడకి వేరేవాళ్ళని చూసుకోమని. కొత్తవాళ్ళని నాకు అప్పగించమని.

నిన్నటి పేజీ పూర్తి చెయ్యను. అలాగే ఉండనిస్తాను.

వెళ్ళిరండి మావయ్యా. ఆ చేతులకి ఇక విశ్రాంతి దొరకాలి. మీరున్న చోట మీ మనసు చల్లగా ఉండాలి.